కట్టడం పనికి దుబాయి ప్రయాణం, విజిట్ వీసా ప్రమాదం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లా. కొన్నేళ్లుగా హైదరాబాద్ చింతల్‌లో ఉంటున్నాము. మా తమ్ముడు సుతారి (తాపీ) పని చేస్తాడు. గిలాబు (ప్లాస్టరింగ్), టైల్స్ పని కూడా బాగా వచ్చు. దుబాయిలో ఒక కట్టడాల కంపెనీలో పని ఉందని తెలిసినాయన ఒకరు చెప్పి, లక్షా ఇరవై వేలు అడుగుతున్నారు. ముందు విజిట్ వీసా మీద పంపి, అక్కడికి చేరాక కంపెనీ వీసా చేయిస్తారట. తమ్ముడి పాస్‌పోర్టు ఇప్పటికే ఆయన తీసుకున్నారు. సగం డబ్బు ఈ వారమే కట్టమంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక సోదరుడు, చింతల్

జవాబు: డబ్బు కట్టకండి. ముందు పాస్‌పోర్టు వెనక్కి తెచ్చుకోండి. అది భారత ప్రభుత్వ ఆస్తి. దాన్ని మీ తమ్ముడు తన దగ్గర పెట్టుకోవాలే తప్ప, హామీ కింద అట్టిపెట్టుకునే హక్కు ఏ ఏజెంటుకూ లేదు. అడిగినా ఇవ్వకపోతే పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు చేయడానికి వెనుకాడవద్దు.

ఇక విజిట్ వీసా సంగతి. యూఏఈలో ఉండగానే విజిట్ వీసాను పని వీసాగా మార్చుకునే వీలు అక్కడి నిబంధనల్లో ఉన్న మాట నిజమే. మీకు చెప్పినాయన ఈ సగం నిజాన్నే పట్టుకుని మాట్లాడుతున్నారు. ఆ మార్పు జరగాలంటే కంపెనీకి కొత్త మనిషిని తీసుకునే అనుమతి ఉండాలి, కంపెనీయే దరఖాస్తు పెట్టాలి, ఖర్చు కూడా కంపెనీయే భరించాలి. అంత సిద్ధంగా ఉన్న కంపెనీ మనిషిని రప్పించే ముందే పని అనుమతి తీసుకుంటుంది కదా? అది రాకముందే విజిట్ వీసా మీద పనిలోకి దిగితే మీ తమ్ముడు చట్టం దృష్టిలో తప్పు చేసినవాడవుతాడు. గడువు దాటి ఉన్న ప్రతి రోజుకూ 50 దిర్హాముల జరిమానా పడుతుంది. అనుమతి లేని మనిషిని పనిలో పెట్టుకున్న యజమానికి 2024లో చేసిన సవరణ ప్రకారం లక్ష నుంచి పది లక్షల దిర్హాముల దాకా జరిమానా ఉంటుంది. అందుకే తనిఖీ వచ్చినప్పుడు అటువంటి యజమాని ఈ మనిషి మావాడు కాదనే ప్రమాదం ఉంది. జీతం రాకపోయినా, పరంజా మీద నుంచి పడి దెబ్బ తగిలినా, నేను ఇక్కడ పని చేస్తున్నానని చూపించడానికి అప్పుడు మీ తమ్ముడి చేతిలో ఒక్క కాగితమూ ఉండదు. ఆజాద్ వీసా పేరుతో అమ్మేదాని సంగతీ ఇంతే. వీసాలో ఒక యజమాని పేరుండి పని మరొకరి దగ్గర చేస్తే, పట్టుబడిన రోజున నష్టపోయేది కూలీయే.

సరైన దారి ఎలా ఉంటుందో కాస్త వివరంగా చెబుతాను. 1983 నాటి వలసల చట్టం ప్రకారం, విదేశీ పనులకు మనుషులను కుదిర్చే ఏజెంటు కేంద్ర విదేశాంగ శాఖ దగ్గర రిజిస్ట్రేషన్ చేయించుకుని ఉండాలి. అది లేకుండా ఈ వ్యాపారం చేస్తే రెండేళ్ల దాకా జైలుశిక్ష పడవచ్చు. రిజిస్టరైన ఏజెంట్ల పేర్లు, వారి నంబర్లు, గడువు తేదీలు ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడవచ్చు. మీకు చెప్పినాయన పేరు అందులో లేకపోతే, నేను ఫలానా ఆఫీసుకు సబ్ ఏజెంటును అని ఎంత చెప్పినా చట్టంలో దానికి విలువ లేదు. రిజిస్టరైన ఏజెంటు కూడా 30,000 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ, అంటే మొత్తం 35,400 రూపాయలకు మించి సేవా రుసుము తీసుకోకూడదు. తీసుకున్న దానికి రసీదు ఇచ్చి తీరాలి. పైగా యూఏఈ కార్మిక చట్టంలోని ఆరో అధికరణం, మనిషిని తెప్పించుకునే ఖర్చును యజమాని నేరుగా గానీ, వేరొకరి ద్వారా గానీ కార్మికుడి నుంచి రాబట్టకూడదని చెబుతోంది. వీసా ఖర్చు మీ తమ్ముడిది కానే కాదు. లక్షా ఇరవై వేలు దేని కింద అడుగుతున్నారో కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇమ్మనండి. మీ మిగతా అనుమానాలు దానితో తీరిపోతాయి.

హైదరాబాద్‌లోనే మరో దారి ఉంది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా రిజిస్టరైన ఏజెన్సీయే. మల్లేపల్లి ఐటీఐ ఆవరణలో దాని కార్యాలయం ఉంది. 2024లో ఇజ్రాయెల్ కట్టడాల కోసం సెంట్రింగ్, రాడ్ బెండింగ్, టైల్స్, గిలాబు పనివాళ్లకు నైపుణ్య పరీక్షలు పెట్టి ఎంపిక చేసింది ఆ సంస్థ ద్వారానే. మూడు పనులు తెలిసిన సుతారి తన పేరు అక్కడ నమోదు చేయించుకోకుండా అప్పు చేసి ఏజెంటు చుట్టూ తిరగడం నాకు బాధ కలిగిస్తోంది. ఆలస్యం కావచ్చు, కానీ అప్పు మిగలదు.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతితో చదువు ఆపేశాను. నా పాస్‌పోర్టులో ఈసీఆర్ అని ఉంది. దీనివల్ల కట్టడం పనికి వీసా రాదని మా అడ్డా మీద అందరూ అంటున్నారు. నిజమేనా?
– ఒక సెంట్రింగ్ కార్మికుడు, మూసాపేట

జవాబు: నిజం కాదు. ఈసీఆర్, అంటే వలస అనుమతి అవసరం అనే గుర్తు, ఉన్నంత మాత్రాన వీసా ఆగదు. సౌదీ, కువైట్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్, యూఏఈ, మలేషియా, ఇరాక్ వంటి 18 దేశాలకు పని మీద వెళ్లేముందు మీరు వలస అనుమతి తీసుకోవాలి, అంతే. దానికి ప్రభుత్వ రుసుము 200 రూపాయలు. ఏజెంటు లేదా యజమాని ఈ-మైగ్రేట్‌లో మీ ఒప్పందం, వీసా, బీమా పత్రాలు పెడితే, వలస కార్మికుల సంరక్షణాధికారి కార్యాలయం వాటిని చూసి అనుమతిస్తుంది. ఆ కార్యాలయం హైదరాబాద్‌లోనూ ఉంది.

ఈ అనుమతిని అడ్డంకిగా చూడవద్దని మనసారా కోరుతున్నాను. పదో తరగతి దాటని మనిషిని ఎవరూ మోసం చేయకుండా మధ్యలో ఒక అధికారి ఒప్పందం చదవాలన్నదే దాని ఉద్దేశం. దానితోపాటే ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ కూడా వస్తుంది. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియం, దానిపై పన్ను కడితే, ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం కలిగినా పది లక్షల రూపాయలు వస్తాయి. విజిట్ వీసా మీద పంపే ఏజెంట్లు తప్పించేది ఈ రెండింటినే. మీరు ఎప్పుడైనా ఓపెన్ స్కూల్లో పది పాసైతే, ఆ మెమో పెట్టి పాస్‌పోర్టును మార్పించుకోవచ్చు.

ప్రశ్న: ఒక కంపెనీ 1,500 దిర్హాములు ఇస్తామంటోంది. ఇంకొకటి 1,400 అంటోంది. రెండూ దుబాయివే, రెంటిలోనూ ఉండడానికి గది ఇస్తారు. సహజంగా మొదటిదే మంచిది కదా?
– ఒక రాడ్ బెండర్, జీడిమెట్ల

జవాబు: మొత్తం అంకె చూసి తేల్చుకోకండి. ఒప్పందంలో మూల వేతనం, అంటే బేసిక్, ఎంత రాశారో చూడండి. ఉదాహరణకు 1,500లో బేసిక్ 800 మాత్రమే ఉండి, మిగిలింది అలవెన్సుల కింద రాశారనుకుందాం. 1,400లో బేసిక్ 1,200 ఉందనుకుందాం. యూఏఈలో ఓవర్‌టైమ్ గంటకు బేసిక్ మీద 25 శాతం, రాత్రి పది నుంచి తెల్లవారుజామున నాలుగు మధ్య అయితే 50 శాతం అదనంగా ఇవ్వాలి. నెలకు 30 రోజులు, రోజుకు ఎనిమిది గంటల చొప్పున లెక్క కడితే, మొదటి కంపెనీలో పగటి ఓవర్‌టైమ్ గంటకు సుమారు 4 దిర్హాముల 17 ఫిల్సులు, రెండో దానిలో 6 దిర్హాముల 25 ఫిల్సులు వస్తాయి. పని మానేసి వచ్చేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ కూడా బేసిక్ మీదే. మొదటి ఐదేళ్లలో ఏడాదికి 21 రోజుల బేసిక్ ఇవ్వాలి కనుక, ఒక చోట ఏడాదికి 560, మరోచోట 840 దిర్హాములు అవుతుంది. స్లాబ్ వేసే రోజుల్లో ఓవర్‌టైమ్ తప్పని మీ పనిలో ఈ తేడా నెల తిరిగేసరికే కనబడుతుంది.

భోజనం ఎవరిది, తిరుగు టికెట్ ఎవరిది, వారపు సెలవు ఎప్పుడు అనేవి కూడా చదివించుకోండి. ఇక్కడ సంతకం పెట్టిన ఆఫర్ లెటర్‌లో ఉన్నదే అక్కడి ఒప్పందంలోనూ ఉండాలి కాబట్టి, దాని ప్రతి ఒకటి ఫోన్‌లోనూ, మరొకటి ఇంట్లోనూ ఉంచి వెళ్లండి. వీసా మీద రాసిన వృత్తి మీ పనికి సరిపోయిందో లేదో కూడా చూడండి.

ప్రశ్న: మా ఆయన సౌదీలో కట్టడం పనికి వెళ్లి నాలుగు నెలలైంది. కంపెనీ వీసా మీదే వెళ్లారు. ఇంతవరకు అకామా (నివాస అనుమతి) చేయలేదు, మూడు నెలల జీతం ఇవ్వలేదు. బయట వేరే పని చూసుకుంటానని అంటున్నారు. నాకు భయంగా ఉంది.
– ఒక గృహిణి, కుత్బుల్లాపూర్

జవాబు: అమ్మా, మీ భయం సరైనదే. చెప్పకుండా కంపెనీ వదిలి వెళ్లవద్దని మీ ఆయనకు ఈరోజే చెప్పండి. అలా వెళ్తే పారిపోయాడని యజమాని నమోదు చేయించవచ్చు. అప్పుడు న్యాయం మీ ఆయన వైపు ఉన్నా కేసు ఆయనకే ఎదురు తిరుగుతుంది. 2021 నుంచి అమల్లో ఉన్న సౌదీ నిబంధనల ప్రకారం, వచ్చిన 90 రోజుల్లోగా యజమాని అకామా చేయించకపోయినా, వరుసగా మూడు నెలలు జీతం ఇవ్వకపోయినా, పాత యజమాని ఒప్పుకోకుండానే వేరే యజమానికి మారే వీలుంది. మీ ఆయన విషయంలో రెండు కారణాలూ ఉన్నాయి. ఆ మార్పు అక్కడి కార్మిక శాఖ ద్వారానే జరగాలి.

ఆయన రియాద్ వైపు ఉంటే భారత రాయబార కార్యాలయానికి, జెద్దా వైపు ఉంటే కాన్సులేట్‌కు వెళ్లి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. ఇక్కడి నుంచి మీరు విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో నమోదు చేయించండి. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉచిత నంబరు 1800 11 3090కు ఫోన్ చేయవచ్చు. బేగంపేట ప్రజాభవన్‌లోని ప్రవాసీ ప్రజావాణిలో స్వయంగా అర్జీ ఇవ్వవచ్చు. వెళ్లేటప్పుడు పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం నకళ్లు, కంపెనీ పేరు, ఆయన ఉంటున్న క్యాంపు ఎక్కడో, సౌదీలో దిగిన తేదీ, ఏయే నెలల జీతం రావాలో రాసిన కాగితం, ఏజెంటుకు కట్టిన డబ్బు రసీదు తీసుకెళ్లండి. రసీదు లేకపోతే బ్యాంకు లేదా ఫోన్‌పే వివరాలు చాలు. ఇచ్చిన ప్రతి అర్జీకి నంబరు అడిగి తీసుకుని, ఆ నంబరును మీ ఆయనకు కూడా పంపండి.