సమాధానం: తిరుపతి ట్రాఫిక్‌లో ఏసీ వేస్తే నా స్పోర్ట్స్ కారు మైలేజీ లీటరుకి 11 కి.మీ. నుంచి 8కి పడిపోతోంది, చిత్తూరు రోడ్డులో మాత్రం బాగానే ఉంది

బహుశా కండెన్సర్‌కి (రేడియేటర్ ముందుండి ఏసీ వేడిని బయటికి వదిలే జాలీ) గాలి అందడం లేదు. హైవేలో కారు వేగమే గాలిని తోస్తుంది. లీలామహల్ సర్కిల్‌లో నిలబడ్డప్పుడు ఫ్యాన్ ఒక్కటే దిక్కు. వేడి బయటికి పోకపోతే ఏసీ గ్యాస్ ప్రెషర్ పెరుగుతుంది, ఆ గ్యాస్‌ని నొక్కే కంప్రెసర్ తిప్పడానికి ఇంజిన్ ఎక్కువ పెట్రోలు తాగుతుంది.

1. బండి నిలబెట్టి, ఇంజిన్ ఆపకుండా ఏసీ ఫుల్‌గా పెట్టండి. కండెన్సర్ ఫ్యాన్ తిరగకపోతే ముందు ఫ్యూజు, రిలే (ఫ్యాన్‌కి కరెంటు ఇచ్చే స్విచ్చు) చూడండి.

2. అందరూ వదిలేసేది ఇదే: కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందు. స్పోర్ట్స్ కారు ముక్కు నేలకి దగ్గర, ఆకులు, దుమ్ము అక్కడే చేరతాయి. ముందునుంచి చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది, నమ్మకండి. ఇంజిన్ చల్లారాక రేడియేటర్ పై క్లిప్పులు విప్పి, టార్చి వేసి చూడండి. లోపలినుంచి ముందుకు మామూలు పైపు నీళ్లతో కడగండి. ప్రెషర్ వాషర్ వద్దు, కండెన్సర్ పల్చటి రేకులు వంగిపోతాయి.

3. అయినా మారకపోతే గ్యాస్ మొత్తం తీయించి, బానెట్ కింద స్టిక్కర్‌లో ఉన్నన్ని గ్రాములే తూచి నింపించండి. అంచనాగా ఎక్కిస్తే ఎక్కువై ఇదే బాధ మళ్లీ.

ఎండలో పెట్టిన కారైతే రెండు నిమిషాలు అద్దాలు దించి నడిపి, తర్వాత ఏసీ వేసి రీసర్క్యులేషన్ (లోపలి గాలినే తిప్పే బటన్) నొక్కండి.