వచ్చేసినట్టు కనిపించేవాటితోనే తంటా

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోడు. యూనివర్సిటీ పాత ఆన్‌లైన్ క్లాస్‌రూమ్‌ను వదిలి కొత్తదానికి మారుతోంది, ఏమేం చూసుకోవాలి అని. ఉద్యోగంలో ఉండగా ఆ పని దగ్గరుండి చేయించినదాన్ని కాబట్టి, మిగతా ఉత్తరాలను వచ్చే నెలకు వాయిదా వేసి వీటికే చోటిస్తున్నాను.

ప్రశ్న: కంపెనీ వాళ్లు వచ్చి డెమో ఇచ్చారు. ఒక్క బటన్ నొక్కితే పాత కోర్సులన్నీ రాత్రికి రాత్రే కొత్త ప్లాట్‌ఫామ్‌లోకి వచ్చేస్తాయట. ఒక కోర్సును మా కళ్లముందే తెచ్చి చూపించారు కూడా. కమిటీలో అందరూ ఊ కొట్టారు. నాకే ఎందుకో మనసొప్పడం లేదు. — ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్

మీ అనుమానం సబబే. అలాగని వాళ్లు అబద్ధం చెప్పారనీ అనను. ఒక ప్లాట్‌ఫామ్‌లో తయారైన కోర్సును ఇంకొకటి అందుకోవడానికి కామన్ కార్ట్రిడ్జ్ అని ఒక ఉమ్మడి ఫార్మాట్ ఉంది. మూడిల్ అనే ప్లాట్‌ఫామ్ అయితే ఎంబీజెడ్ అనే తన సొంత బ్యాకప్ ఫైలు ఇస్తుంది, కాన్వాస్ లాంటి వేరే ప్లాట్‌ఫామ్‌లు దాన్ని నేరుగా తీసుకుంటాయి. పేజీలు, పీడీఎఫ్‌లు, మల్టిపుల్ చాయిస్ ప్రశ్నలు చాలావరకు క్షేమంగానే చేరతాయి. అసలు రానివాటితోనూ పెద్ద భయం లేదు. లేవని తెలిసిపోతుంది, మళ్లీ పెట్టుకుంటాం. వచ్చినట్టు కనిపిస్తూ రానివి ఉంటాయి చూశారూ, ప్రాణం తీసేవి అవే.

నేను పనిచేసినచోట బోటనీలో ఒక ఓపెన్ ఎలెక్టివ్ ఉండేది. ఫస్టియర్ వాళ్లూ, సెకండియర్ వాళ్లూ కలిసి చదివేవారు. కొత్త ప్లాట్‌ఫామ్‌లో మొదటి క్విజ్ పెట్టారు. 'పటంలో బి అని గుర్తించిన భాగం పేరేమిటి?' అని ప్రశ్న. సెకండియర్ వాళ్లకు పటం కనిపిస్తోంది. ఫస్టియర్ వాళ్లకు పటం ఉండాల్సినచోట ఖాళీ డబ్బా. మాస్టారి కంప్యూటర్లో నిక్షేపంలా ఉంది. దాంతో ఫస్టియర్ పిల్లల ఫోన్లలోనే ఏదో తేడా ఉందని తేల్చారు. కొందరు పాపం ఫోన్లు రీసెట్ కూడా చేసుకున్నారు.

జరిగిందేమిటంటే, ఆ పటం కొత్త ప్లాట్‌ఫామ్‌లోకి రానేలేదు. ప్రశ్నలో ఉన్నది పాత సర్వర్లోని పటం అడ్రస్ మాత్రమే. ఎప్పుడో ఎవరో ఫైలు ఎక్కించకుండా పాత కోర్సు పేజీలోంచి పటాన్ని కాపీ చేసి ప్రశ్నలో అతికించారు. మాస్టారూ, సెకండియర్ వాళ్లూ పాతదాంట్లోనూ లాగిన్ అయి ఉన్నారు కాబట్టి వాళ్ల బ్రౌజర్ అక్కడికెళ్లి పటం తెచ్చి చూపిస్తోంది. ఫస్టియర్ వాళ్లకు పాతదాంట్లో అకౌంటే లేదు. ఇది అప్పుడే బయటపడటం మా అదృష్టం. లేకపోతే పాత సర్వర్ ఆపేసిన రోజున అందరికీ ఒక్కసారే మాయమయ్యేది.

అందుకని మీరు చేయాల్సింది ఇది. పాత ప్లాట్‌ఫామ్‌లో అకౌంట్ లేని ఒక ఉత్తుత్తి విద్యార్థిని కొత్తదాంట్లో సృష్టించండి. బ్రౌజర్‌ను పాత లాగిన్లేవీ గుర్తుండని ప్రైవేట్ విండోలో తెరిచి, ఆ విద్యార్థిగా లాగిన్ అయి కోర్సంతా తిరగండి. లెక్చరర్ లాగిన్‌తో చూసి 'అంతా బాగుంది' అనుకుంటే చూడనట్టే లెక్క. పేజీల్లో, ప్రశ్నల్లో పాత సర్వర్ అడ్రస్ ఎక్కడెక్కడుందో వెతికించండి. కంప్యూటర్ విభాగం వాళ్లకు అది పెద్ద పనేం కాదు.

గణితం, ఫిజిక్స్ వాళ్లకు ఇంకో చిక్కుంది. మూడిల్‌లో ఒక్కో విద్యార్థికి ఒక్కో అంకె వచ్చేలా సూత్రంతో రాసే ప్రశ్నలున్నాయి. ఉమ్మడి ఫార్మాట్‌కు ఆ రకం ప్రశ్న తెలియదు. మామూలు ప్రశ్నలు నలభై సరిగ్గా దిగాయి కదా అని వీటిని చూడకుండా వదిలేయకండి.

ఇంకొక మాట. డెమోకు వాళ్లు ఎంచుకున్న కోర్సు కాదు, మీరు ఎంచుకున్నది ఇవ్వండి. మీ డిపార్ట్‌మెంట్లో అందరికంటే చిందరవందరగా ఉన్న కోర్సు ఎవరిదో మీకు తెలిసే ఉంటుంది. అది ఇవ్వండి.

ప్రశ్న: ఒకే విద్యార్థి, అవే మార్కులు. పాత ప్లాట్‌ఫామ్ ఒక మొత్తం చూపిస్తోంది, కొత్తది ఇంకోటి. తేడా ఏదో అర మార్కు కాదు, ఏకంగా పది. ఏది నమ్మాలి? — ఇంటర్నల్ మార్కులు చూసే ఒక లెక్చరర్

రెండూ కూడికల్లో తప్పు చేయవు. మీరు రెండింటికీ వేర్వేరు నియమాలు చెప్పారు, లేదా ఏమీ చెప్పకుండా అవి ఎలా వస్తే అలా ఉంచేశారు. కాగితం మీద వేసి చూద్దాం.

అసైన్‌మెంట్లు మూడు, ఒక్కోటి 10 మార్కులకు. మిడ్ పరీక్ష 30కి. అసైన్‌మెంట్లకు 40 శాతం, మిడ్‌కు 60 శాతం వెయిటేజీ. ఒక అమ్మాయికి మొదటిదాంట్లో 8, రెండోదాంట్లో 6 వచ్చాయి, మూడోది ఇవ్వలేదు. మిడ్‌లో 21.

ఇవ్వనిదాన్ని లెక్కలోంచి తీసేస్తే అసైన్‌మెంట్లలో 20కి 14, అంటే 70 శాతం. మిడ్ కూడా 70 శాతమే. మొత్తం 70. ఇవ్వనిదాన్ని సున్నాగా తీసుకుంటే అసైన్‌మెంట్లలో 30కి 14. వెయిటేజీ ప్రకారం అది 18.67, మిడ్‌వి 42 కలిపితే 60.67. ఇవ్వనిదాన్ని సున్నాగానే ఉంచి వెయిటేజీ ఎగిరిపోయిందనుకోండి, 60కి 35, అంటే 58.33. అమ్మాయి అదే, రాసిన పరీక్ష అదే. మూడు రకాల మొత్తాలు!

ఈ తేడా ఎక్కడ పుడుతుందంటే ఖాళీ గడి దగ్గర. మూడిల్ గ్రేడ్‌బుక్‌లో, అంటే మార్కుల పట్టికలో, ఖాళీ మార్కులను లెక్కలోంచి మినహాయించే టిక్ ఒకటుంది. అది పెడితే ఒక ఫలితం, తీసేస్తే ఇంకోటి. కాన్వాస్‌లో మార్కు పడని అసైన్‌మెంట్ విద్యార్థికి కనిపించే మొత్తంలో మామూలుగా చేరదు. ఎవరైనా కూర్చుని సున్నా వేయాలి, లేదా ఇవ్వనివాటికి సున్నా పడేలా ముందే నియమం పెట్టుకోవాలి. 'తక్కువ వచ్చినదాన్ని వదిలేయాలి' అన్న నియమం కూడా ఉంటే లెక్క మళ్లీ మారుతుంది. పై ఉదాహరణలో ఆ సున్నాయే ఎగిరిపోయి అమ్మాయి మళ్లీ 70కి వస్తుంది.

కాబట్టి ఏ ప్లాట్‌ఫామ్‌ను నమ్మాలన్నది ప్రశ్నే కాదు. సెమిస్టర్ మొదట్లో మీరు సిలబస్ కాగితంలో రాసిచ్చిన నియమం ఏదో అదే నమ్మాలి. మార్పుకు ముందే పాత గ్రేడ్‌బుక్‌ను ఎక్సెల్‌లోకి దించుకోండి. బాగా చదివేవాళ్లను పక్కన పెట్టి, అసైన్‌మెంట్ ఎగ్గొట్టినవాణ్ణి, ఆలస్యంగా ఇచ్చినవాణ్ణి, మధ్యలో సెక్షన్ మారినవాణ్ణి ఏరి, వాళ్ల మొత్తాలు చేత్తో లెక్కేసి రెండుచోట్లా పోల్చండి. అన్నీ సకాలంలో ఇచ్చిన విద్యార్థి మార్కులు వెయిటేజీ, తక్కువ వచ్చినదాన్ని వదిలే నియమం సరిగ్గా ఉంటే ఏ ప్లాట్‌ఫామ్‌లోనైనా సరిపోతాయి. వాళ్లతో పరీక్షిస్తే మిగతా లోపాలేవీ బయటపడవు.

ప్రశ్న: ఒక ఏడాదిపాటు రెండు ప్లాట్‌ఫామ్‌లూ నడిపితే ఎవరికి వీలైనప్పుడు వాళ్లు మారతారు కదా? — ఒక డిపార్ట్‌మెంట్ హెడ్

రెండూ నడపండి, తప్పదు. కానీ 'ఎవరికి వీలైనప్పుడు' అన్నది మాత్రం వద్దు. ఒక కోర్సు ఒక సెమిస్టర్ మొత్తం ఒక్కచోటే ఉండాలి. పాఠాలు కొత్తదాంట్లో, క్విజ్ పాతదాంట్లో, అటెండెన్స్ వాట్సాప్ గ్రూపులో అయితే పిల్లలు ఏది ఎక్కడుందో వెతుక్కోవడానికే సరిపోతుంది. మీ లెక్చరర్‌కు ఉన్నవి ఒకటో రెండో కోర్సులు. విద్యార్థికి అయిదారు. లెక్చరర్లకిచ్చిన వెసులుబాటు ఖర్చంతా వాళ్ల నెత్తిన పడుతుంది.

సెమిస్టర్ మధ్యలో మార్చమని పైనుంచి ఒత్తిడి వస్తే మీరు గట్టిగా అడ్డం తిరగాల్సింది అక్కడే.

ప్రశ్న: మేడమ్, నాకు చూపు తక్కువ. పరీక్షల్లో అదనపు సమయం ఇస్తారు. పోయిన సెమిస్టర్‌లో ఒక సబ్జెక్టు రీవాల్యుయేషన్‌కు కూడా పెట్టాను. కొత్త ప్లాట్‌ఫామ్ వస్తే నా సంగతేమిటి? — ఒక విద్యార్థిని

అమ్మా, నువ్వు అడిగింది ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నిట్లోకీ ముఖ్యమైనది. కమిటీల్లో ఎవరికీ గుర్తురానిది కూడా ఇదే.

ముందు అదనపు సమయం. అది కోర్సుకు సంబంధించిన విషయం కాదు, నీ పేరు మీద ఒక్కో క్విజ్‌కు విడిగా పెట్టిన మినహాయింపు. కోర్సును ఉమ్మడి ఫార్మాట్‌లో తీసుకెళ్తే పాఠాలూ, ప్రశ్నలూ వెళ్తాయి గానీ విద్యార్థులూ, వాళ్ల మినహాయింపులూ వెళ్లవు. క్విజ్ చూడటానికి అన్నివిధాలా సరిగ్గానే ఉంటుంది, నీకు మాత్రం గడియారం అందరితోపాటే ఆగిపోతుంది. అందుకని సెమిస్టర్ మొదటి వారంలోనే ప్రతి సబ్జెక్టు లెక్చరర్‌కూ రాతపూర్వకంగా గుర్తుచెయ్యి. ఒక మాదిరి క్విజ్ పెట్టించుకుని, నీ స్క్రీన్ మీద ఎంత సమయం చూపిస్తోందో చూసుకో. వాళ్లను ఇబ్బంది పెడుతున్నాననుకోకు. నిజానికి ఆ పని వాళ్లే చేయాలి.

తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడుతున్నావా? స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు కంటికి అక్షరాల్లా కనిపించినా కంప్యూటర్‌కు అవి బొమ్మలే, చదివి వినిపించదు. ప్లాట్‌ఫామ్ మారినంత మాత్రాన అవి బాగుపడవు. పాత పీడీఎఫ్‌లు ఎలాగూ మళ్లీ ఎక్కిస్తున్నారు కనుక ఒరిజినల్ ఫైలే పెట్టమని అడగడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు.

రీవాల్యుయేషన్ సంగతి. నువ్వు ఇచ్చిన అసైన్‌మెంట్లు, వాటి మీద లెక్చరర్ రాసిన వ్యాఖ్యలు పాతదాంట్లోనే ఉండిపోతాయి. యూనివర్సిటీ బాధ్యతగా నడుచుకుంటే దాన్ని కొంతకాలం చూడటానికి మాత్రమే తెరిచి ఉంచుతుంది. ఎంతకాలమో ఇప్పుడే అడిగి తెలుసుకో. ఈలోగా నీ అసైన్‌మెంట్లు, సమర్పించినట్టు వచ్చిన రసీదులు, మార్కుల పేజీ అన్నీ దించి నీ దగ్గర పెట్టుకో. ఫొటోలు తీసుకున్నా ఫర్వాలేదు, పైన తేదీ, సమయం కనిపించేలా తియ్యి.

లాగిన్ కూడా ఒకసారి చూసుకో. పాతదాంట్లో రోల్ నంబరుతో, కొత్తదాంట్లో ఈమెయిల్‌తో గుర్తిస్తుంటే, మధ్యలో ఈమెయిల్ మార్చుకున్నవాళ్లు ఇద్దరు మనుషులుగా నమోదవడం మామూలే. ఒకరి పేరున అసైన్‌మెంట్, ఇంకొకరి పేరున సున్నా!

ప్రశ్న: ఏళ్ల తరబడి దాచిన నా పాఠాలు, పాత క్వశ్చన్ పేపర్లు, అన్ని బ్యాచ్‌ల ఫోల్డర్లూ కొత్తదాంట్లోకి తీసుకెళ్లవచ్చా? — ఒక సీనియర్ ప్రొఫెసర్

వద్దు మాస్టారూ. పోయినసారి చెప్పిన కోర్సు ఒక్కటి తీసుకెళ్లండి. మిగతావన్నీ మీ హార్డ్ డిస్క్‌లో పెట్టుకోండి. వీడియోలను మాత్రం కోర్సు లోపల ఇరికించకండి. యూనివర్సిటీకి వీడియోల కోసం వేరే సర్వర్ ఉంటే అందులో పెట్టి లింకు ఇవ్వండి, బ్యాకప్ బరువు తగ్గుతుంది.

ప్రశ్న: ఉచితంగా దొరికే మూడిల్ మంచిదా, డబ్బు కట్టి తీసుకునేవి మంచివా? ఒకసారి తీసుకుంటే మళ్లీ మారే అవసరం లేనిది చెప్పండి. — కొనుగోలు కమిటీ సభ్యుడు

మళ్లీ మారే అవసరం లేనిది నాకు తెలిసి లేదు. 1990లలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీలో పుట్టిన వెబ్‌సీటీ అనే ప్లాట్‌ఫామ్‌ను ఎన్నో యూనివర్సిటీలు వాడాయి. 2006లో దాన్ని బ్లాక్‌బోర్డ్ అనే పోటీ కంపెనీ కొనేసింది, దాని మీద ఉన్నవాళ్లంతా ఎటో ఒకవైపు కదలాల్సి వచ్చింది. ఇంతా చేసి వాళ్లకు వెబ్‌సీటీతో పేచీ ఏమీ లేదు. కంపెనీ చేతులు మారింది, అంతే.

మూడిల్‌ను 2002లో ఆస్ట్రేలియాలో మార్టిన్ డూజియామస్ విడుదల చేశారు. ఓపెన్ సోర్స్ కాబట్టి లైసెన్సు రుసుము లేదు. సర్వర్ ఖర్చు, రాత్రి రెండింటికి అది పడిపోతే లేచి నిలబెట్టే మనిషి జీతం మాత్రం మీదే. అలాంటి మనుషులు మీ దగ్గర ఇద్దరైనా ఉంటే మూడిల్ హాయి. ఒక్కడే ఉంటే అతను సెలవు పెట్టిన రోజు మీ పరీక్ష ఆగుతుంది. అసలు లేకపోతే డబ్బు కట్టడమే మేలు.

ఏది తీసుకున్నా, సంతకం పెట్టేముందు ఒప్పందంలో రాయించుకోవాల్సినవి కొన్నున్నాయి. మేం వెళ్లిపోతామంటే కోర్సులు ఏ ఫార్మాట్‌లో ఇస్తారు? విద్యార్థుల అసైన్‌మెంట్లు, మార్కులు కూడా ఇస్తారా, లేక పాఠాలు మాత్రమేనా? ఒప్పందం ముగిశాక మా డేటా ఎన్నాళ్లు ఉంచుతారు, చెరిపేశామని ఎలా రుజువు చేస్తారు? ఇందుకు విడిగా డబ్బు అడుగుతారా? ధర గురించి బేరం మొదలవకముందే వీటికి జవాబులు రాబట్టండి. ఆర్డర్ చేతికొచ్చాక వాళ్ల ఫోన్ కలవడం కష్టం.