పీఐడీ నంబర్లు గెస్ కొట్టినవాళ్లు రోబోటిక్స్ రీసెర్చ్‌కి పనికొస్తారా?

ప్రశ్న: నేను మెకానికల్ థర్డ్ ఇయర్. లైన్ ఫాలోయర్ రోబో చేశాను, బాగానే నడిచింది కానీ పీఐడీ (ఎర్రర్ ఎంత ఉందో చూసి మోటార్‌ని సరిదిద్దే పద్ధతి) నంబర్లు నెట్‌లో దొరికినవి పెట్టి, అటూ ఇటూ మార్చి ఎలాగో కుదిర్చాను. కంట్రోల్ సిస్టమ్స్‌లో మార్కులొచ్చాయి గానీ ఆ బోడే ప్లాట్లు (ఫ్రీక్వెన్సీని బట్టి సిస్టమ్ స్పందన ఎలా మారుతుందో చూపే గ్రాఫులు) ఎందుకు గీశానో ఇప్పటికీ తెలీదు. రీసెర్చ్ వైపు వెళ్లాలని ఉంది. ఫ్రెండ్సేమో కంట్రోల్ పాతబడిపోయింది, మెషిన్ లెర్నింగ్ చూసుకో అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: నంబర్లు గెస్ కొట్టానని మీరే ఒప్పుకున్నారు చూడండి, అక్కడే మొదలుపెడదాం. చాలామంది అదీ ఒప్పుకోరు.

ఇంకో కిట్ మాత్రం కొనకండి. ఎన్‌కోడర్ (షాఫ్ట్ ఎంత తిరిగిందో లెక్కపెట్టేది) ఉన్న డీసీ మోటార్ ఒకటి తీసుకుని, షాఫ్ట్‌ని చెప్పిన కోణానికి తిప్పి అక్కడ ఆపండి, అంతే పని. ఓస్ ఇంతేనా అనిపిస్తుంది, చేస్తే తెలుస్తుంది. ఉత్త పీ తో (ఎర్రర్ ఎంతుంటే అంత తోసేది) నడిపితే గమ్యానికి కాస్త ముందే ఆగిపోతుంది, ఎందుకంటే ఎర్రర్ తగ్గేకొద్దీ మోటార్‌కి వెళ్లే వోల్టేజీ కూడా తగ్గి చివరికి గేర్లలో ఫ్రిక్షన్‌ని దాటలేదు. సరేలే అని ఐ (మిగిలిన ఎర్రర్‌ని కూడబెట్టి తోసేది) కలిపితే అది మెల్లగా పోగుపడుతూ పోయి, ఫ్రిక్షన్ పట్టు వదిలేసరికి షాఫ్ట్ అవతలికి దూకుతుంది, మళ్లీ ఇటు, మళ్లీ అటు. డీ (ఎర్రర్ మారే వేగాన్ని చూసేది) పెంచుదామంటే ఎన్‌కోడర్ మెట్లు మెట్లుగా లెక్కపెడుతుంది కాబట్టి మోటార్ గరగరలాడుతుంది. ఈ మూడూ మీ కళ్లతో చూశాక ఇక గెస్ కొట్టబుద్ధి కాదు.

నా సంగతి ఒకటి చెప్తా. నేనిది చేసిన కొత్తలో మోటార్ బుద్ధిగా ఉండేది, లోపలేం జరుగుతోందో చూద్దామని కంట్రోల్ లూప్‌లో (కొలిచి సరిదిద్దుతూ మళ్లీ మళ్లీ నడిచే కోడ్) విలువల్ని కంప్యూటర్‌కి పంపే సీరియల్ ప్రింట్ లైన్ ఒకటి పెట్టగానే ఊగిపోయేది, తీసేస్తే మళ్లీ మామూలే, రెండ్రోజులు వైర్లని తిట్టుకుంటూ కూర్చున్నా. తర్వాత లెక్కేస్తే 9600 బాడ్ (సెకనుకి 9600 బిట్లు) దగ్గర ఒక్కో అక్షరం పంపడానికి ఇంచుమించు 1 మిల్లీసెకను, నేను పంపేది 20 అక్షరాలు, బఫర్ నిండాక లూప్ ఆ లైన్ దగ్గరే నిలబడిపోతోంది. 5 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకి 5 ఊపులు, 20 మిల్లీసెకన్లు ఆలస్యమైతే ఒక పూర్తి ఊపు 360 డిగ్రీల్లో 36 డిగ్రీల ఫేజ్ పోయినట్టే! మనం పరీక్షకి బట్టీ పట్టిన ఫేజ్ మార్జిన్ అంటే ఇదే, ఎంత ఆలస్యాన్ని తట్టుకుంటావు అని మోటార్‌ని అడగడం. బోడే ప్లాట్ నాకు ఆ రోజే అర్థమైంది.

ఇక రీసెర్చ్ మాట. మోటార్‌కి ఈక్వేషన్లు రాయండి, సిమ్యులేట్ చెయ్యండి, ఆ గ్రాఫ్‌నీ నిజం మోటార్ ఇచ్చిన గ్రాఫ్‌నీ ఒకదానిమీద ఒకటి గీయండి. కలవవు. ఎందుకు కలవలేదని తవ్వడం మొదలుపెడితే మీరు రీసెర్చ్ చేస్తున్నట్టే, డిగ్రీ సంగతి తర్వాత. ఆ మోటార్ లొంగాక తలకిందుల పెండ్యులమ్‌కి వెళ్లండి, స్టేట్ స్పేస్ (కోణం, వేగం లాంటివన్నీ కలిపి మ్యాట్రిక్సుల్లో రాయడం), ఎల్‌క్యూఆర్ (వాటికి గెయిన్లు, అంటే కంట్రోలర్ నంబర్లు, లెక్కకట్టే పద్ధతి) అక్కడ అవసరం పడి నేర్చుకుంటారు. కోణం కొలవగలం గానీ దాని వేగం నేరుగా దొరకదు, నాయిజ్ ఉన్న కొలతల్లోంచి దాన్ని అంచనా కట్టాలి, కాల్మన్ 1960లో రాసిన ఫిల్టర్ పనికొచ్చేది అక్కడే (అపోలో నౌకల నావిగేషన్‌లోనూ వాడారు దాన్ని). లీనియర్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, ప్రాబబిలిటీ, ఈ మూడూ గట్టిగా ఉండాలి, దీనికి షార్ట్‌కట్ లేదు.

కంట్రోల్ పాతదే, మీ ఫ్రెండ్స్ అన్నది నిజమే. ఆవిరి ఇంజన్ల గవర్నర్ల మీద మాక్స్‌వెల్ పేపర్ రాసింది 1868లో, ఓడ చుక్కాని పట్టేవాళ్ల తీరు గమనించి మినోర్‌స్కీ పీఐడీ సిద్ధాంతం రాసింది 1922లో. కానీ ఇప్పుడు సిమ్యులేటర్‌లో రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్‌తో (బాగా చేస్తే మార్కులిస్తూ నేర్పే మెషిన్ లెర్నింగ్) నడక నేర్చుకుంటున్న నాలుగు కాళ్ల రోబోలని చూడండి, చాలావాటిలో న్యూరల్ నెట్‌వర్క్ చెప్పేది కీళ్లు ఏ కోణంలో ఉండాలో మాత్రమే, కాలిని అక్కడికి తీసుకెళ్లేది కింద ఉన్న పీడీ (ఐ లేని పీఐడీ) లూప్. ఆ లూప్ గెయిన్లు తేడా కొడితే సిమ్యులేటర్‌లో పరిగెత్తింది నేలమీద బోర్లా పడుతుంది. అందుకని మెషిన్ లెర్నింగ్ కూడా నేర్చుకోండి, దీన్ని వదిలేసి మాత్రం వద్దు.

ప్రశ్న: ఇంటర్న్‌షిప్ కోసం ప్రొఫెసర్లకి యాభై మెయిల్స్ పెట్టాను, ఒక్కళ్లూ రిప్లై ఇవ్వలేదు. ఏం రాయాలి?

జవాబు: యాభై మందికీ ఒకటే మెయిల్ పెట్టారు కదా? చదివేవాళ్లకి తెలిసిపోతుందండీ. ముగ్గుర్ని ఎంచుకుని ఐక్రా, ఐరోస్ లాంటి రోబోటిక్స్ కాన్ఫరెన్సుల్లో వాళ్ల ల్యాబ్ ఇచ్చిన పేపర్ ఒకటి కూర్చుని చదవండి, అందులో ఒక్క గ్రాఫ్‌ని మీ సిమ్యులేటర్‌లో మళ్లీ తెప్పించడానికి ట్రై చెయ్యండి. రాకపోయినా పర్లేదు. 'ఇక్కడిదాకా వచ్చింది, ఇక్కడ తేడా కొడుతోంది, శాంప్లింగ్ టైమ్ (కొలతకీ కొలతకీ మధ్య ఉండే సమయం) వల్లా?' అని గ్రాఫ్ జతచేసి నాలుగు లైన్లలో అడగండి.