శుక్రవారం ఆరాధన, అర్ధరాత్రి ఫోన్లు

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మలికిపురం దగ్గర ఒక పల్లెలో నాలుగేళ్లు సహాయ కాపరిగా ఉన్నాను. అభిషేకమైన ఏడాదికే కువైట్‌లో తెలుగు సంఘం పిలిస్తే వచ్చాను, ఐదు నెలలైంది. ఇక్కడ ఆరాధన శుక్రవారం. హాలు మాకు గంటన్నరే, తర్వాత వేరే భాషవాళ్లది. నేను వాక్యం చెబుతుండగానే అక్కలు లేచి వెళ్లిపోతారు. ఒక వారం 60 మంది ఉంటే మరో వారం 22. కమిటీ పెద్దలు ఇరవై ఏళ్లుగా ఇక్కడున్నవాళ్లు, నేనేం చెప్పినా "ఇది కువైట్ అండీ" అంటారు. రాత్రి పన్నెండింటికి ఫోన్లు: జీతం ఇవ్వలేదని, అకామా (ఇక్కడ ఉండే అనుమతి) అయిపోయిందని, ఊళ్లో మొగుడు తాగుతున్నాడని. ఇదేనా నా పిలుపు అనిపిస్తోంది. ఇంటి దగ్గర నా భార్య, రెండేళ్ల పాప. తిరిగి వచ్చేయమంటారా?
– ఒక యువ కాపరి, కువైట్

జవాబు: తమ్ముడూ, రమ్మనీ చెప్పను, ఉండమనీ చెప్పను. అక్కడ ఒక వేసవి, ఒక క్రిస్మస్ చూశాక అడుగు, అప్పుడు చెబుతా. ముందు ఆ తలల లెక్క రాయడం మానెయ్యి.

నేనూ ఒకప్పుడు కువైట్‌లో కాపరినే, వెళ్లిన రెండో శుక్రవారమే గంటా పది నిమిషాలు వాక్యం చెప్పాను. ఊళ్లో మనకదే అలవాటు కదా, గంటలోపు ముగిస్తే అయ్యగారు చదువుకుని రాలేదనుకుంటారు. అంశం బైబిల్లోని యాజకుడు మెల్కీసెదెకు. తలుపు బయట తర్వాతి సంఘంవాళ్లు గిటార్లు పట్టుకుని నిలబడే ఉన్నారు, నేను ఆపలేదు. చివరి వరసలో నల్ల అబాయా వేసుకున్న ఒకావిడ, ఒళ్లో ప్లాస్టిక్ సంచి, నిమిషానికోసారి ఫోన్ చూసుకుంటోంది. నాకు ఒళ్లు మండి, దేవుని సన్నిధిలో కూడా ఫోనేనా అని వాక్యంలోనే ఒక చురక అంటించాను. ఆవిడ తలవంచుకుని లేచి వెళ్లిపోయింది. తర్వాత ఒక డ్రైవర్ తమ్ముడు చెప్పాడు, ఆవిడకి తొమ్మిది వారాల తర్వాత రెండు గంటలు సెలవు దొరికిందట, పదకొండున్నరకల్లా గేటు దగ్గర లేకపోతే ఆ ఇంటి కారు వెళ్లిపోతుందట. కూతురికి ఇంటర్ పరీక్షలని ప్రార్థన చేయించుకోడానికి వచ్చింది. సంచి వాచ్‌మన్ దగ్గర వదిలిపెట్టి వెళ్లింది. అందులో నాకని తెచ్చిన ఖర్జూరాలు, కూతురి హాల్‌టికెట్ నంబరు రాసిన చిన్న కాగితం. తొమ్మిది వారాలకి దొరికిన రెండు గంటల్లో గంటా పది నిమిషాలు నేను మెల్కీసెదెకుకి ఖర్చుపెట్టాను.

ఆ తర్వాత పదకొండేళ్లున్నాను గానీ ఇరవై నిమిషాలు దాటి వాక్యం చెప్పలేదు. నువ్వు కూడా ప్రార్థన మనవులు చివర్లో కాకుండా మొదట్లోనే తీసుకో, కాగితం మీద రాసి ఇమ్మను, పేరుపెట్టి ప్రార్థించు. ముందే వెళ్లాల్సిన మనిషి చివరిదాకా ఉండదు కదా. 22 మంది వచ్చారంటే సంఘం పడిపోయిందని కాదు, ఆ వారం ఏదో ఇంట్లో విందు ఉండి ఉంటుంది, ఏ ఇంటి 'బాబా'నో ఊరెళ్లి ఉంటాడు. బాబా అంటే ఆ ఇంటి యజమాని, మామా అంటే యజమానురాలు అని ఈపాటికి నీకు తెలిసే ఉంటుంది, తెలుగు పాఠకుల కోసం చెబుతున్నా.

ఇక అర్ధరాత్రి ఫోన్లు. అవి ఎందుకు ఆ వేళకే వస్తాయో ఎప్పుడైనా లెక్క వేశావా? కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. వంటగది కడిగి, పిల్లల్ని పడుకోబెట్టి, ఆవిడ తన గదిలోకి వచ్చేసరికి రాత్రి పదకొండున్నర. అప్పుడు రాజోల్లోనో రాయచోటిలోనో తెల్లవారుజాము రెండు. పిల్లలు నిద్రలో ఉంటారు, తల్లి ఫోనెత్తదు, మొగుడు ఎత్తినా మాట్లాడే స్థితిలో ఉండడు. ఆ వేళప్పుడు మెలకువగా ఉండి, తెలుగులో "చెప్పమ్మా" అనే మనిషి ఆ దేశంలో ఆవిడకి నువ్వొక్కడివే. నన్నడిగితే నీ సంఘం అసలు కూడుకునేది అప్పుడే, శుక్రవారం హాల్లో కనిపించేది అందులో కొంత. పగలు కాసేపు పడుకో, దానికి సిగ్గుపడకు. కానీ వారానికి ఒక రాత్రి ఫోన్ ఆపెయ్యి, ఆ రాత్రికి సంఘంలో ఒక పెద్దావిడ నంబరు ఇవ్వు. ఆడవాళ్లు చెప్పుకునేవి కొన్ని ఆడవాళ్లకే చెప్పుకోవాలి కూడా.

కమిటీ సంగతి. "ఇది కువైట్ అండీ" అనే మాటలో సగం పెత్తనం, ఒప్పుకుంటాను. మిగతా సగం భయం, ఆ భయానికి కారణం ఉంది. ముస్లింలకు సువార్త చెప్పడం అక్కడ నిషిద్ధం. ఊళ్లో సంతలో కరపత్రాలు పంచినట్టు పక్కింటి డ్రైవరుకి ఒకటి ఇచ్చావంటే నువ్వు విమానమెక్కడంతో సరిపోదు, ఇరవై ఏళ్లుగా నిలబెట్టుకున్న ఆ గంటన్నర హాలుకే ఎసరు రావచ్చు. రంజాన్‌లో పగటిపూట బయట నీళ్లు తాగినా నేరమే, ఇదీ గుర్తుపెట్టుకో. అలాగని అక్కడ క్రైస్తవులంటే మనబోటి వలసవాళ్లేనని కూడా అనుకోకు. సిటీలోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి 1910ల్లో ఆస్పత్రి నడిపిన అమెరికా మిషనరీల పనిలోంచి వచ్చింది. 1999లో అక్కడ అభిషేకం పొందిన ఇమ్మానుయేల్ గరీబ్ గారు కువైట్ పౌరుడే. ఆ ఒక్క ప్రాంగణంలోనే ఎన్నో భాషల సంఘాలు గంటల లెక్కన గదులు పంచుకుంటాయి. గడియారం చూసుకుని లేవడం అక్కడ మర్యాద.

ఇంకో తలనొప్పి నువ్వు రాయలేదు గానీ వచ్చే ఉంటుంది. గుంటూరు లూథరన్లు, కాకినాడ బాప్టిస్టులు, నర్సాపురం బ్రదరన్‌వాళ్లు, కడప సీఎస్ఐవాళ్లు ఊళ్లో ఒకరి గుడికి ఒకరు వెళ్లరు, అక్కడ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ప్రభువు బల్ల ఎవరికివ్వాలి, బాప్తిస్మం ఎలా అని మొదటి ఏడాది నిన్ను లాగుతారు. తేల్చకు. పాత కీర్తనలు పాడించు, అవి అందరికీ కంఠతా వచ్చు.

డబ్బు దగ్గర మాత్రం నేను కాలు జారాను, నువ్వు జారకు. ఒకావిడ చిట్టీ పాడిన 140 దినార్లు "మీ దగ్గరుంచండి అయ్యగారూ" అంటే ఉంచాను. రసీదు లేదు, సాక్షి లేదు. మూడు వారాల్లో ఆ 140 కాస్తా ఫ్లాట్లలో 1,400 అయింది, అయ్యగారు తెనాలిలో స్థలం కొన్నాడని కూడా అనేశారు (తెనాల్లో మాకెవరూ లేరు). ఎవరి డబ్బూ ఉంచకు, చిట్టీకి మధ్యవర్తిగా ఉండకు, ఎక్స్ఛేంజిలో వాళ్ల పేరు మీదే పంపుకోమను. కానుక పెట్టె ఇద్దరు ఉండగానే తెరవాలి. అందులో నాలుగు మడతలు పెట్టిన పావు దినారు నోట్లు వస్తాయి, చెమటకి మెత్తబడి. వాటిని విడదీసేటప్పుడు కమిటీలో కొత్త కుర్రాళ్లని పక్కన కూర్చోబెట్టుకో.

పాప సంగతి: రోజూ సాయంత్రం ఆరింటికి, అంటే ఇక్కడ ఎనిమిదిన్నరకి, వీడియో కాల్ చెయ్యి. ఆ టైముకి ఏ కమిటీ మీటింగూ పెట్టనివ్వకు. ఇదొక్కదాని మీద మాత్రం గట్టిగా ఉండు.

ప్రశ్న: మా అక్క కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి ఏడాదిన్నర. శుక్రవారం చర్చికి పంపమంటే మామా ఒప్పుకోవట్లేదట. పాస్‌పోర్టు కూడా వాళ్ల దగ్గరే ఉంది. అడిగే హక్కు ఉందా?
– ఒక సోదరి, రాజోలు

జవాబు: ఉందమ్మా. అక్కడి 2015 నాటి 68వ నంబరు చట్టం ప్రకారం ఇంటిపనివాళ్లకి వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి, రోజుకి 12 గంటలకు మించి పని చేయించకూడదు, ఆమె ఒప్పుకోకుండా పాస్‌పోర్టు ఉంచుకోకూడదు. చట్టం ఉన్నంత మాత్రాన వంటగదిలో అమలవదని నీకూ తెలుసు. అందుకే ఒకేసారి రోజంతా అడగొద్దని చెప్పు, రెండు వారాలకి మూడు గంటలు అడగమను, విందులవీ లేని వారం చూసి అడగమను. కొట్టడం, జీతం ఆపడం దాకా వస్తే స్నేహితురాలి గదికి పారిపోవద్దు, యజమాని పారిపోయిందని కేసు పెడతాడు, నేరుగా భారత ఎంబసీకి వెళ్లాలి. ఈలోపు సివిల్ ఐడి (అక్కడి గుర్తింపు కార్డు), వీసా, చేతికి దొరికితే పాస్‌పోర్టు, ఆ ఇంటి అడ్రసు ఫొటోలు తీసి పంపమను. అవి నీ ఫోన్‌లో ఉండాలి, గొడవైతే వాళ్లు ముందు లాక్కునేది ఆమె ఫోనే.