హంతకుడెవరో తేలని సినిమా

తమ్ముడికి,

నీ డిటెక్టివ్ కథ రెండుసార్లు చదివాను. చిక్కుముడి బాగా వేశావు, బాగా విప్పావు. కానీ నీ మనుషులంతా ఆ ముడి కోసమే మాట్లాడుతున్నారు. అందుకే 1946లో వచ్చిన ‘ది బిగ్ స్లీప్’ చూడమంటున్నాను. రేమండ్ చాండ్లర్ నవల ఆధారంగా తీసిన ఆ సినిమాకి హోవర్డ్ హాక్స్ దర్శకుడు. డిటెక్టివ్ మార్లోగా హంఫ్రీ బోగార్ట్ నటించాడు.

మొదటిసారి చూస్తే కథ సరిగ్గా అర్థం కాదు. ఒక డ్రైవర్ కారుతో సహా సముద్రంలో శవమై దొరుకుతాడు. చంపిందెవరో సినిమా చెప్పదు. చాండ్లర్‌నే అడిగితే ఆయనకీ తెలియదన్నాడట! పైగా 1945లోనే పూర్తయిన సినిమాకి తర్వాత బోగార్ట్, లారెన్ బకాల్ సీన్లు కొత్తగా తీసి కలిపారు, కేసును వివరించే సీన్ తీసేశారు. జంట మెరిసింది, కథ మసకబారింది. సెన్సార్ వల్ల గైగర్ అనేవాడి పుస్తకాల షాపు అసలు వ్యాపారం అశ్లీల పుస్తకాలని చెప్పలేకపోయారు. చివర్లో నేరమంతా గ్యాంగ్‌స్టర్ ఎడ్డీ మార్స్ మీదికి నెట్టేయడం నాకు ఇప్పటికీ నచ్చదు. నవలలో అసలు నిజం చాలా బరువైనది.

అయినా చూపు తిప్పుకోలేం. హ్యారీ జోన్స్ సీన్ చూడు. పొట్టివాడు, చిన్నాచితకా మనిషి. హ్యారీ ప్రేమించిన ఆగ్నెస్ ఎక్కడుందో చెప్పమని మార్స్ మనిషి కానినో తుపాకీతో బెదిరిస్తాడు. హ్యారీ ఒక అడ్రస్ చెప్తాడు. కానినో ఇచ్చిన విషం కలిపిన మందు తాగి చనిపోతాడు. పక్క గదిలోంచి మార్లో అంతా వింటూనే ఉంటాడు, ఆపలేకపోతాడు. ఆ అడ్రస్ అబద్ధమని తర్వాత తెలుస్తుంది. ఆగ్నెస్ మాత్రం మార్లో దగ్గర తన డబ్బు తీసుకుని వెళ్లిపోతుంది. హ్యారీ గొప్పవాడని ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. అంతవరకూ మాటలతో నెట్టుకొచ్చిన మార్లో మీద మన చూపు అక్కడే మారుతుంది.

అలాగని లొసుగులు వదిలేయకు. హాక్స్ చేతిలో బోగార్ట్ ముఖం ఉంది. కాగితం మీద మనకి ఆ సాయం లేదు, పాఠకుడు వెనక్కి తిప్పి చూస్తాడు.

నీ కథలో లాడ్జి గుమాస్తా రెండు ముక్కలు చెప్పి మాయమవుతాడు. అతను ఎవరి కోసం అబద్ధమాడతాడో ఆలోచించు. ఆ ఒక్క సీన్ తిరగరాసి పంపు, మిగతాది ఇప్పుడే ముట్టుకోకు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య