సారు పేరు సరే, మీ సంతకం జాగ్రత్త

ప్రశ్న: మాది హనుమకొండ. మా వారు మూడుసార్లు ఎమ్మెల్యేగా, ఒకసారి మంత్రిగా చేశారు. పోయి ఏడాదిన్నర అయింది. ఇల్లు ఇంకా పార్టీ ఆఫీసులాగే ఉంది. ఆయన లెటర్‌ప్యాడ్ మీద సిఫార్సు రాసి తెస్తే నేను సంతకం పెడుతున్నాను. చౌరస్తాలో విగ్రహం కోసం అనుచరులు చందాలు వసూలు చేస్తున్నారు. సారు మాకు బాకీ అని ఇద్దరు ప్రామిసరీ నోట్లు పట్టుకొని తిరుగుతున్నారు. డైరీలు ఇస్తే జీవితచరిత్ర రాస్తానని ఒకాయన అడుగుతున్నారు. కొడుకు ‘వారసుడు’ అని ఫ్లెక్సీలు కట్టించుకున్నాడు, అల్లుడు మాటలు బంద్ చేశాడు. పార్టీవాళ్లు నన్నే నిలబడమంటున్నారు. ఏది కాదన్నా ‘సారు ఉంటే ఇట్ల చేసేటోడా’ అంటారు. నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, ముందు ఆ లెటర్‌ప్యాడ్లు, రబ్బరు స్టాంపు బీరువాలో పెట్టి తాళం వేయండి. ఈ రోజే. చనిపోయిన మనిషి ప్యాడ్ మీద మీ సంతకంతో వెళ్లిన కాగితం రేపు ఎక్కడ తేలినా, జవాబు చెప్పాల్సింది మీరే. తెచ్చినవాడు అప్పుడు కనబడడు.

నోట్ల సంగతిలో ఇంకా గట్టిగా ఉండాలి. చివరిసారి నామినేషన్‌తో ఆయన ఇచ్చిన అఫిడవిట్ తీయించండి, ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. అందులో ఆస్తులతోపాటు అప్పులు కూడా, ఎవరికి ఎంత అన్నది చూపించాలి. ఆ తర్వాత చేసిన అప్పులు ఉండొచ్చు గానీ, మాట్లాడటానికి మీ చేతిలో ఒక ఆధారం ఉంటుంది. ప్రామిసరీ నోటు మీద దావాకు మామూలుగా మూడేళ్లే గడువు. ‘ఏం లేదమ్మా, ఊరికే ఒక సంతకం’ అని నోటు వెనక పెట్టించుకుంటే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. మీరు జామీను ఉంటే తప్ప, ఆయన బాకీ ఆయన వదిలిన ఆస్తి మేరకే. మీ పుట్టింటి బంగారం దాకా రాదు. వకీలుకు చూపించకుండా ఏ కాగితమూ ముట్టుకోకండి.

విగ్రహానికి మీరు అడ్డుపడాల్సిన పని లేదు. రోడ్ల మీద, ప్రజలు వాడుకునే స్థలాల్లో కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013లోనే రాష్ట్రాలకు చెప్పింది. (అయినా మన చౌరస్తాల్లో ఎన్ని లేచాయో మీకూ తెలుసు.) ‘అనుమతి కాగితం తెచ్చినంక మాట్లాడుదాం’ అనండి చాలు. చందా రసీదు బుక్కు మీద మీ పేరు గానీ, ఫోటో గానీ ఉంటే మాత్రం తీసేయించండి.

డైరీలు ఇంటి గడప దాటొద్దు. ముందు మీరు చదవండి. బతికున్నవాళ్ల గురించి ఆయన కోపంలో రాసుకున్న మాటలు ఉండొచ్చు, మీ గురించీ ఉండొచ్చు. ఆయన రాతల మీద కాపీరైటు ఆయన తదనంతరం 60 ఏళ్లు ఉంటుంది, అది వారసులది. రచయితకు ఇవ్వాలనిపిస్తే జిరాక్సులే ఇవ్వండి, ఏయే పేజీలు ఇచ్చారో రాసుకొని. ఆయన చదువుకున్న పుస్తకాలు ఉంటే మాత్రం దాచుకోనక్కర్లేదు. మీ ఊళ్లోనే 1904 నుంచి ఉన్న రాజరాజ నరేంద్ర ఆంధ్రభాషా నిలయం గ్రంథాలయం వాళ్లను అడిగి చూడండి.

అల్లుడు ఊరికే అలిగి ఉండడు. వాటా మాట ఎక్కడో వచ్చే ఉంటుంది. బిడ్డను ఒక్కదాన్నే పిలిచి, కొడుకు లేనప్పుడు, అడగండి. వీలునామా లేకపోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన సొంత ఆస్తిలో మీకు, కొడుక్కి, బిడ్డకు సమానం, మీ అత్తమ్మ ఉంటే ఆమెకూ ఒక వాటా. ఫ్లెక్సీ మీద ఏమైనా రాసుకోనివ్వండి, ఈ లెక్క మారదని అబ్బాయికి మీరే చెప్పాలి. వేరేవాళ్లు చెబితే గొడవే.

ఆయన పోయినప్పటి నుంచి మీకు ఏడవడానికి తీరిక దొరికినట్టు లేదు. వచ్చిపోయేవాళ్లకు చాయ్‌లతోనే సరిపోయింది. పొద్దున రెండు గంటలు తప్ప గేటు తీయొద్దని చెప్పండి. అనుచరులు నొచ్చుకుంటారు, నాలుగు రోజులు మాట్లాడుకొని మానుకుంటారు. నిద్రలేమి ఇంతకాలం ఉందంటే డాక్టరుకు చూపించాల్సిందే. ఇబ్బందిగా ఉంటే ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

ఇక పోటీ. నిలబడాలని ఉందా లేదా అన్నది మీరు ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. ఉంటే తప్పేం లేదు, ముప్పై ఏళ్లు ఆ ఇంట్లో రాజకీయం చూసినవారు. లేకపోతే మాత్రం ‘ఎలక్షన్లప్పుడు చూద్దాం’ అనకండి, పార్టీవాళ్లు దాన్ని సరే అన్నట్టే లెక్కేసుకుంటారు.