ఫోటో తీసినవాడి అడ్రస్

నాయనా,

ఆస్ట్రేలియా మూలవాసులైన ఆబొరిజినల్ ప్రజల గురించి తెలుగు సైట్ కోసం నువ్వు రాసిన వ్యాసం, తీసిన ఫోటోలు అందాయి. మూడో పేజీలో "ఎవరూ అభ్యంతరం చెప్పలేదు" అని రాశావు. దాని పక్కనే, ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఎండిపోయిన టాడ్ నది ఇసుకలో, చెట్టు కింద నిద్రపోతున్న ఒక పెద్దావిడ ఫోటో పెట్టావు. నిద్రపోతున్న మనిషి అభ్యంతరం ఎలా చెబుతుందయ్యా? ఆ వాక్యం లేకపోతే "బాగుంది, రాస్తూ ఉండు" అని మెసేజ్ పెట్టి ఊరుకునేవాణ్ణి. అది చదివాక ఊరుకోబుద్ధి కాలేదు.

చట్టప్రకారం తప్పు లేదు కదా మాస్టారూ అని అడిగావు. లేదు. ఆస్ట్రేలియాలో రోడ్డు మీద, పార్కులో ఉన్న మనిషిని ఫోటో తీయడానికి మామూలుగా ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ ఫోటో మీద కాపీరైట్ కూడా మామూలుగా తీసినవాడిదే, అందులో ఉన్నవాళ్లది కాదు. ఊరు దాటితే లెక్క మారుతుంది. 1976 భూహక్కుల చట్టం కింద ఆబొరిజినల్ ప్రజల చేతికి వచ్చిన నేల మీదికి వెళ్లాలంటే పర్మిట్ కావాలి, మీ వైపు అది సెంట్రల్ లాండ్ కౌన్సిల్ ఇస్తుంది. ఉలూరు అనే ఆ పెద్ద రాతికొండ చుట్టూ నడిచే దారిలో కొన్నిచోట్ల ఫోటో తీయొద్దని బోర్డులే పెట్టారు. ఆ రాతిలో కొన్ని భాగాలు అక్కడి అనంగు ప్రజల్లో ఆడవాళ్లకు సంబంధించినవి, కొన్ని మగవాళ్లకు. రెండోవాళ్లు వాటి బొమ్మ కూడా చూడకూడదు. నువ్వు పంపిన రాతి చీలిక ఫోటో అలాంటి చోటుది కాదు కదా? చూసుకో.

చట్టం సంగతి అంతే. నా గోల వేరే ఉంది. కెమెరా పట్టిన కుర్రాళ్లందరూ "అడిగే తీశాం సార్" అంటారు. అవతలి మనిషి ఓ నవ్వు నవ్వితే, తల ఊపితే అదే అనుమతి. నాకు దాని మీద పెద్ద నమ్మకం లేదు. నేనడిగేది ఒక్కటే: ఫోటోలో ఉన్న మనిషికి గానీ, ఆవిడ పిల్లలకు గానీ రేపెప్పుడో ఆ ఫోటో వద్దనిపిస్తే, ఎవరికి ఫోన్ చేయాలో వాళ్లకు తెలుసా? తెలియకపోతే నువ్వు ఎన్నిసార్లు అడిగి తీసినా ఒకటే.

ఇది నా చాదస్తం అనుకుంటావేమో. ఇక్కడ టీవీ కార్యక్రమాల ముందు, మ్యూజియం గుమ్మం దగ్గర, చనిపోయినవారి బొమ్మలు, గొంతులు ఇందులో ఉండవచ్చని ఒక హెచ్చరిక వేస్తారు, చూసే ఉంటావు. మధ్య ఆస్ట్రేలియాలో చాలా కుటుంబాల్లో మనిషి పోయాక కొంతకాలం ఆ పేరు పలకరు, ఫోటో చూడరు. అదే పేరు పెట్టుకున్న బతికున్నవాళ్లను కూడా కుమంజయి అని వేరే పేరుతో పిలుస్తారు. ఎంతకాలం అన్నది ఊరిని బట్టి, కుటుంబాన్ని బట్టి. తర్వాత అదే ఫోటోను ఇష్టంగా గోడకు తగిలించుకునేవాళ్లూ ఉన్నారు. ఎప్పుడు తీసెయ్యాలో, ఎప్పుడు పెట్టాలో వాళ్లే చెప్పాలి. ఈ రోజు నవ్వుతూ ఇచ్చిన అనుమతి ఆ మనిషి పోయిన రోజున చెల్లకపోవచ్చు. అప్పటికి నువ్వెక్కడుంటావు? పీఆర్ వచ్చేసి మెల్‌బోర్న్‌లో ఇల్లు కొనుక్కుని ఉంటావు. ఫోటో మాత్రం ఏ వెబ్‌సైట్‌లోనో అలాగే ఉంటుంది.

పిట్జన్‌జత్జారా అనే మధ్య ఆస్ట్రేలియా ఆబొరిజినల్ వాళ్లు 1994లో అరా ఇరిటిట్జా అనే ఆర్కైవ్ మొదలుపెట్టారు. మిషనరీలు, టీచర్లు, సర్వే ఉద్యోగులు తీసుకుని ఎక్కడెక్కడికో పట్టుకుపోయిన పాత ఫోటోలను వెతికి మళ్లీ ఊళ్లకు చేర్చడం దాని పని. ఎవరైనా పోతే కంప్యూటర్‌లోనే ఆ మనిషి ఫోటోలను దుఃఖం తీరేదాకా పక్కన పెట్టొచ్చు. మగవాళ్ల విషయాలు ఆడవాళ్లకు, ఆడవాళ్లవి మగవాళ్లకు కనబడకుండా చేయొచ్చు. ఆ ఏర్పాటు ఎలా పనిచేస్తుందో తెలుసుకో. నువ్వు నన్నడిగిన లెన్సుల గొడవ కన్నా అది ముఖ్యం.

నేనుండేది అడిలైడ్‌లో. ఇక్కడి మ్యూజియంలో నార్మన్ టిండేల్ అనే మానవశాస్త్రవేత్త కలెక్షన్ ఉంది. 1938, 39లలో ఆయన, హార్వర్డ్ నుంచి వచ్చిన బర్డ్‌సెల్ కలిసి ఆబొరిజినల్ వాళ్లను ఉంచిన క్రైస్తవ మిషన్లు, రిజర్వులు తిరిగి వేల మందిని కొలిచారు, ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి ఫోటోలు తీశారు. ప్రతి మనిషికీ ఒక నంబరు. నేరస్థులకు తీసినట్టే. (మన మద్రాసు మ్యూజియంలో కూర్చుని థర్‌స్టన్ దొర మన కులాల, తెగల ముక్కులు, పుర్రెలు కొలిచిందీ ఈ శాస్త్రం పేరుతోనే. నీ ఊళ్లో అడుగు, ఎవరికీ తెలియదు.) టిండేల్‌ను మెచ్చుకోవడానికి నాకు నోరు రాదు. కానీ ఆయన పేర్లు, ఊళ్లు, ఎవరికి ఎవరు ఏమవుతారో వంశవృక్షాలతో సహా రాసిపెట్టాడు. ఆ కాగితాలు ఒక తెలిసిన చోట ఉన్నాయి. అందుకే, చిన్నప్పుడే ప్రభుత్వం ఎత్తుకుపోయిన పిల్లల కుటుంబాలు ఇవాళ ఆ తలుపు తట్టి అమ్మమ్మ ముఖం చూసుకోగలుగుతున్నాయి. వర్నన్ ఆ కీ అనే చిత్రకారుడు అందులో దొరికిన తన వాళ్ల ఫోటోల నుంచే పెద్ద పెద్ద బొమ్మలు గీశాడు, నంబర్లు లేకుండా. కొలతబద్ద పట్టుకుని వచ్చినవాడిని కూడా పట్టుకోగలిగారు. నీ పెద్దావిడ మనవరాలు నిన్ను ఎలా పట్టుకుంటుంది? క్యాప్షన్‌లో "అలసిన నాగరికత" అని ఉంది. ఆ పేరుతో వెతకాలా?

1935లో రాయ్ డన్‌స్టన్ అనే ఫోటోగ్రాఫర్ ఒక ప్రయాణాల పత్రిక కోసం మీ ఆలిస్ స్ప్రింగ్స్ వైపు ఒకాయన్ని ఫోటో తీశాడు. ఏడేళ్ల కిందటే, 1928లో కోనిస్టన్‌లో పోలీసు దండు ఆబొరిజినల్ జనాన్ని కాల్చి చంపినప్పుడు ప్రాణాలతో బయటపడ్డ మనిషి ఆయన. 1950లో ఆ ముఖం పోస్టల్ స్టాంపు ఎక్కి కోట్ల కాపీలు దేశమంతా తిరిగింది. తెల్లవాళ్లు ఆయన్ని పిలిచింది మాత్రం ఒక ఎగతాళి పేరుతో, బూమరాంగ్ ధర అడిగితే ఒక పౌండు అన్నాడట, అదే పేరైంది. మన జేబులో ఉండే 2 డాలర్ల నాణెం మీది ముఖానికి కూడా ఆయన బొమ్మే ప్రేరణ అంటారు. ఎవరి జేబులో చూసినా ఆయనే. కోనిస్టన్ ఎంతమందికి తెలుసు?

ఇప్పుడు ఎడిటర్ల సంగతి. హైదరాబాద్‌లో ఒక వారపత్రిక ఉండేది, ఇప్పుడు మూతబడింది, నాకేం బాధ లేదు. దానికి నేను ఇక్కడి ఒక ఆబొరిజినల్ హెల్త్ వర్కర్ గురించి ఫీచర్ రాశాను. క్లినిక్ యూనిఫాంలో, బీపీ మిషన్ పక్కన నిలబడ్డ ఫోటో ఆవిడే ఎంచి ఇచ్చింది. ఎడిటర్ ఫోన్ చేసి "ఈవిడ మన కేరళ నర్సులాగా ఉంది సార్, ఒంటికి రంగులు పూసుకున్నది లేదా?" అన్నాడు. లేదన్నాను. ఏజెన్సీ నుంచి తెప్పించి, ఎవరో డాన్స్ చేస్తున్న మగాయన ఫోటో ఆవిడ కథ మధ్యలో వేశాడు. కాపీ ఒకటి ఆవిడకు పంపుతానని మాటిచ్చాను కాబట్టి పంపాను. వారం తిరక్కుండా ఫోన్ వచ్చింది. "ఈ మనిషెవరు? ఏ ఊరివాడు? బతికే ఉన్నాడా?" మూడింటికీ నా దగ్గర జవాబు లేదు. అప్పుడే ఎడిటర్‌కు ఫోన్ చేసి సవరణ వేయమంటే, "ఆవిడ తెలుగు చదువుతుందా ఏమిటి సార్" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇంకా కోపమే. నువ్వు కూడా ఉత్తరం చివర "తెలుగు సైట్ కదా, ఇక్కడివాళ్లు ఎవరు చూస్తారు" అని రాశావు. ఫోటో చూడటానికి తెలుగు రానక్కర్లేదు.

ఆ ఎడిటర్‌కు లిండ్ట్ ఎవరో తెలిసి ఉండదు గానీ ఇద్దరూ ఒకటే. 1870ల్లో గ్రాఫ్టన్ ఊళ్లో జె. డబ్ల్యూ. లిండ్ట్ స్టూడియోలో అడవి బొమ్మ వేసిన తెర కట్టి, కొమ్మలు పరిచి, ఈటెలు చేతికిచ్చి ఆ చుట్టుపక్కల మనుషులను కూర్చోబెట్టాడు. నూట యాభై ఏళ్ల తర్వాత మీ తరం తెర తీసేసి బ్లాక్ అండ్ వైట్ పెట్టింది. ముడతలు కనబడేలా కాంట్రాస్ట్ పెంచడం, కింద "మట్టి మనుషులు" అని రాయడం. నీ ఇంకో ఫోటోలోని పెద్దమనిషి చేతిలో ఉన్న ఫుట్‌బాల్ టీం క్యాప్‌ను నువ్వు ఫ్రేమ్‌లోంచి ఎందుకు కోసేశావో నాకు తెలుసు. పక్క ఫోటోలో కొంచెం కనబడుతోంది.

తెలియకుండా తీస్తేనే సహజంగా వస్తుందన్న మాట కూడా వదిలెయ్. ఈ దేశంలో అందరికీ తెలిసిన ఫోటోల్లో ఒకటి 1975 ఆగస్టు 16న తీసింది. తొమ్మిదేళ్ల కిందట వేవ్ హిల్ పశువుల క్షేత్రంలో పని మానేసి బయటికి నడిచిన గురింజీ వాళ్ల నాయకుడు విన్సెంట్ లింగియారి చేతిలో వాళ్ల నేల తిరిగిచ్చిన గుర్తుగా ప్రధాని విట్లమ్ మట్టి పోస్తున్న ఫోటో. తీసింది మెర్విన్ బిషప్, బ్రూవారినాలో పుట్టిన ఆబొరిజినల్ ఫోటోగ్రాఫర్. అసలు తంతు పందిరి నీడలో జరిగింది. వెలుతురు చాలక, ఇద్దరినీ ఎండలోకి పిలిచి మళ్లీ చేయించాడు. నీలాకాశం అలా వచ్చింది. ఇద్దరికీ తెలుసు, కెమెరా ఉందని, దేనికోసమో కూడా. అందులో ఏం తగ్గింది?

1990ల మొదట్లో మైకేల్ రైలీ అనే ఆబొరిజినల్ ఫోటోగ్రాఫర్ వాళ్లమ్మగారి వైపు ఊరు మోరీ వెళ్లి ఒక తెర కట్టాడు. జనం తమకు నచ్చిన బట్టల్లో, నచ్చినవాళ్లతో వచ్చి దాని ముందు నిలబడ్డారు. లిండ్ట్ లాగే తెర, కానీ ఈసారి ఎలా నిలబడాలో నిలబడ్డవాళ్లే తేల్చుకున్నారు. దొరికితే ఆ ఫోటోలు చూడు. నేను చెప్పేదంతా అక్కడే ఉంది.

నీ వ్యాసంలో ఒక్క పేరా నాకు నచ్చింది, పెట్రోల్ బంకు నైట్ డ్యూటీది. కౌంటర్ అవతల నిలబడి రోజూ "హౌ ఆర్ యూ బ్రదర్" అని అడిగే ఆంటీ గురించి రాసింది. నిన్ను పట్టుకోవాలంటే ఎక్కడికి రావాలో ఆవిడకు తెలుసు. నాలుగు రాత్రులు నువ్వు కనబడకపోతే అడుగుతుంది కూడా. విచిత్రం ఏమిటంటే ఆవిడ ఫోటో నువ్వు తీయలేదు, మొహమాటం వేసిందన్నావు. ఆ మొహమాటం నది దగ్గర ఎటు పోయింది?

చేయాల్సింది చెప్తాను. పెద్దావిడ ఫోటో తీసెయ్, కంప్యూటర్‌లోంచి కూడా. మిగతావి ప్రింట్లు వేయించు, వెనక నీ పేరు, ఫోన్ నంబరు, మీ అమ్మగారి నంబరు రాయి. నీ నంబరు మారుతుంది, ఆవిడది మారదు. ఎవరివి వాళ్లకు ఇచ్చి, క్యాప్షన్‌లో ఏం రాయాలో, పేరు వేయాలో వద్దో వాళ్లనే అడుగు. దొరకనివాళ్లవి పక్కన పెట్టు. పోటీకి పంపడం గురించి అడిగావు, నన్నడక్కు. దీపావళి సంచికకు ఆలస్యమవుతుందని మీ సైట్ ఎడిటర్ తొందరపెడితే నేనే ఆపానని చెప్పు. ఆయన నన్ను తిట్టుకోవడం ఇది మొదటిసారి కాదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు